సమాధానం: ఇన్‌స్టాలర్‌లో డిస్క్ కనిపించకపోవడం

ఉబుంటు (విండోస్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్) ఇన్‌స్టాలర్‌లో పెన్‌డ్రైవ్ తప్ప ల్యాప్‌టాప్ డిస్క్ కనిపించడం లేదన్నారు కదండీ, డిస్క్ పాడైందని కంగారు పడకండి. ఇంటెల్ ల్యాప్‌టాప్ అయితే, బయాస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్) స్టోరేజ్, ఇంటెల్ సొంత పద్ధతి అయిన ఆర్‌ఎస్‌టీలో ఉండటమే చాలావరకు కారణం. దాన్ని ఏహెచ్‌సీఐకి, అంటే ఉబుంటు గుర్తించే మామూలు పద్ధతికి మార్చాలి. నేరుగా మార్చేస్తే మాత్రం విండోస్ నీలి తెర చూపి ఆగిపోతుంది.

ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) రికవరీ కీ, మొత్తం 48 అంకెలు, కాగితం మీద రాసుకోండి. దయచేసి ఈ పని వాయిదా వేయకండి, అది లేకపోతే మీ ఫైళ్లు మీకే అందకుండా పోవచ్చు. తర్వాత విండోస్ సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో, బూట్ ట్యాబ్‌లోని సేఫ్ బూట్‌కు టిక్ పెట్టి రీస్టార్ట్ చేసి, నేరుగా బయాస్‌లోకి వెళ్లి స్టోరేజ్‌ను ఏహెచ్‌సీఐకి మార్చండి. సేఫ్ మోడ్‌లో (అత్యవసరమైన వాటితోనే విండోస్ నడిచే పద్ధతి) ఒకసారి తెరుచుకుంటే కావలసిన డ్రైవర్‌ను (డిస్క్‌ను నడిపే చిన్న ప్రోగ్రామ్) విండోసే ఎక్కించుకుంటుంది. అక్కడ పిన్ పనిచేయకపోవచ్చు, పాస్‌వర్డ్ దగ్గర పెట్టుకోండి. ఆ టిక్ తీసేసి, విండోస్ మామూలుగా తెరుచుకున్నాకే ఉబుంటు మొదలుపెట్టండి.