గది ఉష్ణోగ్రత అంటే ఎవరి గది?

టి.నగర్, చెన్నై

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు వ్యాసాలూ, వాటితోపాటు రాసిన ఉత్తరమూ అందాయి. భాష బావుంది. కేకు చేయడం చెప్పిన మొదటి వ్యాసంలో నాలుగో వాక్యం దగ్గరే కళ్ళజోడు తీసి పక్కన పెట్టేశాను. "గది ఉష్ణోగ్రతకు వచ్చిన వెన్న 200 గ్రాములు తీసుకోండి" అని రాశావు.

ఎవరి గది అమ్మా? నువ్వుండేది వేళచ్చేరిలో, నెత్తిన డాబా ఉన్న మూడో అంతస్తులో. రాసింది మే నెలలో. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఇక్కడివాళ్ళయితే మే ఎండలకి అగ్ని నక్షత్రమని పేరే పెట్టుకున్నారు. 2003 మే 31న ఈ ఊళ్ళో 45 డిగ్రీలు కొట్టింది. ఆ రోజు మా వంటింటి గట్టు మీద మర్చిపోయిన వెన్న దోసెల మీద పోసుకోవడానికే పనికొచ్చింది. అది కూడా గది ఉష్ణోగ్రతే మరి.

వెన్న, పంచదార కలిపి ఎందుకు గిలక్కొడతామో నీకు తెలియదని కాదు. పంచదార పలుకుల అంచులు వెన్నని గీరుకుంటూ లోపల చిన్న చిన్న గాలి బుడగలు చేస్తాయి. బేకింగ్ పౌడర్ కొత్తగా ఒక్క బుడగని కూడా పుట్టించదు, ఉన్నవాటిని ఉబ్బిస్తుంది, అంతే. అందుకే వెన్న 18, 20 డిగ్రీల దగ్గర ఉండాలి. వేలితో నొక్కితే గుంట పడాలి, వేలు మాత్రం జిడ్డుగా మెరవకూడదు. 30 దాటిందా, ఎంత గిలక్కొట్టినా గాలి నిలవదు. చలిదేశాల్లో ఇల్లు వేడి చేసుకుని కూర్చునేవాళ్ళకి వాళ్ళ గదే సరిపోయింది కాబట్టి వాళ్ళు ఆ మాట రాసుకున్నారు. గుడ్ల సంగతీ అంతే. అమెరికాలో గుడ్లు కడిగి అమ్ముతారు. కడిగితే పెంకు మీది పూత పోతుంది కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టక తప్పదు, వాడే ముందు బయట పెట్టకా తప్పదు. నువ్వు మీ సందు చివర కొట్లో, ఎండ పడే చోట పెట్టిన అట్ట మీంచి ఆరు గుడ్లు తెచ్చి "గది ఉష్ణోగ్రతకు రానివ్వండి" అంటున్నావు. ఇంకా ఎక్కడికి రావాలవి?

నీ కేకు నేను చేశాను. చదివి ఊరుకునే అలవాటు నాకు లేదు. మొదట కప్పు దగ్గరే ఆగిపోయాను. మా ఇంట్లో రెండు కప్పులున్నాయి, ఒకటి 240 మిల్లీలీటర్లు, ఒకటి 250. సరే, చిన్నదే తీసుకున్నాను. మైదా డబ్బాలో ముంచి తీస్తే 148 గ్రాములు తూగింది. చెంచాతో మెల్లగా పోసి నింపితే 122. నువ్వు చెప్పింది 2 కప్పులు. అంటే ఏభై గ్రాములకి పైగా తేడా, పైగా ఒకే కప్పుతో! నువ్వు ముంచావో పోశావో నాకెలా తెలుస్తుంది? పోశావనే అనుకున్నాను. వెన్న నువ్వు చెప్పినట్టే గట్టు మీద పెట్టాను. నలభై నిమిషాల తర్వాత పుల్ల గుచ్చితే శుభ్రంగానే వచ్చింది. చల్లారాక కోస్తే అడుగున వేలెడు మందాన తడి పట్టీ, దాని కింద కాగితం నిండా నూనె. పనిమనిషి కూడా మొహమాటానికి ఒక ముక్క తిని రెండోది వద్దంది.

నీ ఫోటోలో కేకు మాత్రం దూదిలా ఉంది. అబద్ధమాడావని అనుకోలేదు కానీ కోపం వచ్చింది. తర్వాత నీ ఉత్తరం మళ్ళీ తీశాను. రెండో పేజీలో, అడ్రసు రాసే ముందు, ఇలా ఉంది: "మొదటిసారి వెన్న కారిపోయి పాడైందండీ, రెండోసారి గిన్నెతో సహా ఫ్రిజ్‌లో పెట్టి తీసి మళ్ళీ కొట్టాను, అలా మూడుసార్లు." అదీ నీ వంటకం! దాన్ని నాకు గుసగుసగా చెప్పి, పాఠకులకి మాత్రం ఎవరిదో గది అప్పు తెచ్చి ఇచ్చావు. ఎందుకు? ఫ్రిజ్‌లోకి బయటికి మూడుసార్లు తిప్పడం చేతకానితనంలా కనిపిస్తుందనా?

ఈ విషయంలో నాకు పాత గాయం ఉందిలే, అందుకే గొంతు పెరుగుతోంది.

మా మొదటి ఓవెన్ గుండ్రటి అల్యూమినియం డబ్బా, మూతకి చిన్న గాజు కిటికీ. మా ఆయన మూర్ మార్కెట్లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. 1985లో ఆ మార్కెట్టు కాలిపోయింది, మా డబ్బా మాత్రం ఇంకో పదేళ్ళు బతికింది. దానికి థర్మోస్టాట్ లేదు, డిగ్రీలు లేవు. ప్లగ్గు పెడితే వేడి, పీకితే లేదు. స్టీలు పళ్ళెంలో చిటికెడు మైదా చల్లి లోపల పెట్టి, అది ఎర్రబడే తీరు చూసి వేడి అంచనా కట్టేదాన్ని. సాయంత్రమైతే వోల్టేజి పడిపోయేది, అదో లెక్క. మా అత్తగారు గుడ్డు ముట్టరు. అందుకని ఓవెన్ వంటింట్లోకి రాలేదు, వెనక వరండాలో స్టూలు మీదే కాపురం. నేను కేకు పెట్టే వేళకి ఆవిడ దేవుడి గదిలో విష్ణు సహస్రనామం మొదలుపెట్టేవారు. ఆవిడ చదివే తీరుకి అరగంట, ఒక నిమిషం అటూ ఇటూ. ఫలశ్రుతి అయ్యేసరికి కేకు అయ్యేది. ఆవిడ ఎప్పుడూ దాని వంక చూడలేదు, రుచీ చూడలేదు. కానీ నేను పరాకుగా ఉంటే లోపల్నించి కేకేసేవారు, "నాది అయిపోయిందే, నీ డబ్బా దింపుకో" అని.

ఒక వారపత్రికకి మొదటిసారి కేకు గురించి రాసినప్పుడు ఇదంతా రాశాను. సహస్రనామం ఒకసారి పూర్తయ్యేంతసేపు అని కూడా రాశాను. ఎడిటరుగారు ఎర్ర సిరాతో కొట్టేసి "30 నిమిషాలు" అని పెట్టారు. గుడ్డు వేసిన కేకులో సహస్రనామమా, ఉత్తరాలు వస్తాయి అన్నారు. ఎడమవైపు ఎక్కువ కాలుతుంది కాబట్టి సగంలో గిన్నె తిప్పాలి అన్న వాక్యమూ పోయింది, అది "సొంతగోల"ట. ఇన్ని కొట్టేసిన మనిషి, "పావు చెంచా సోడా"లో పావు ఎగిరిపోతే చూసుకోలేదు. చెంచాడు సోడా అని అచ్చయింది. ఉత్తరాలు వచ్చాయి మరి, సహస్రనామం గురించి కాదు. గుంటూరు నుంచి ఒకావిడ ఇన్‌ల్యాండ్ లెటర్‌లో, తన భర్త కేకు కొరికి "ఏ కంపెనీ సబ్బు ఇది?" అన్నారని రాసింది. సవరణ వేయమంటే, వంటల పేజీకి సవరణలేమిటండీ అన్నారు. ఆ మాట ఇప్పటికీ అరగలేదు.

ఇప్పుడు ఎడిటర్లు లేరు, ఎవరికి వాళ్ళే రాసుకుంటున్నారు, బాగుపడతాం అనుకున్నాను. 2020 లాక్‌డౌన్‌లో ఊరంతా అరటిపండు కేకులు చేసింది. దాన్ని బ్రెడ్ అనే పిలవాలట, సరే. ఎన్ని చదివానో! ప్రతిదానిలో అదే పైనుంచి తీసిన ఫోటో, అదే ముడతల గుడ్డ, పక్కన నాలుగు దాల్చినచెక్కలు. కరెంటు పోయినవాళ్ళు లేరు, అరటిపళ్ళు మగ్గనివాళ్ళు లేరు. ఆ రోజుల్లో కొట్లో బేకింగ్ పౌడర్ దొరక్క నేను సోడా, పెరుగుతో నెట్టుకొచ్చాను. మిగతావాళ్ళకి ఎలా దొరికిందో! వాళ్ళని వాళ్ళే ఎర్ర సిరాతో కొట్టేసుకుంటున్నారు. నీ రెండో వ్యాసం ఆ బాపతే, దాని గురించి ఇంకేం చెప్పను. మూడోదానిలో మజ్జిగ పోసిన చోట మాత్రం కాస్త నీ చెయ్యి కనిపించింది.

మా వదిన బెంగళూరులో మల్లేశ్వరంలో ఉంటుంది. నా కేకు అక్కడ చేస్తే డిసెంబరులో వెన్న రాయిలా ఉండి, బీటరు కడ్డీ వంగిందని ఫోను చేసి తిట్టింది. నీళ్ళు కూడా ఆ ఊళ్ళో దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి, ఎత్తు మీద ఉంది కదా. ఆవిడ ఇప్పుడు వెన్న గిన్నెని గోరువెచ్చటి నీళ్ళలో పెడుతుంది, నేను ఐస్ నీళ్ళలో పెడతాను. ఇద్దరి కాగితాల మీదా ఉన్నది ఒకే కేకు.

కెమెరా ఏది కొనాలని అడిగావు, నాకు తెలియదు. 200 గ్రాముల వెన్న ఖర్చు ఎన్నిసార్లు పెడతావో చూసుకుని, ముందు వంటింటి త్రాసు కొను.

చివరిగా, మొదటి వ్యాసంలో ఆరో పేరా. "అమ్మమ్మ కేకు వాసన వచ్చి, గుడ్డు వేశావా అని అడగకుండా కుర్చీ కాస్త పక్కకి జరుపుకుంది" అన్నావు. అది చదివి నేను లేచి వరండాలోకి వెళ్ళి వచ్చాను. వెంటనే నువ్వేమో "ఇక ఐసింగ్ చూద్దాం" అని పరిగెత్తావు. ఎందుకంత తొందర? ఎటు జరిగింది, వాసన రానంత దూరమా, నువ్వు కనిపించేంత దూరమా? అడగకపోవడానికి మనసు ఎలా ఒప్పుకుంది ఆవిడకి? తర్వాత ఎవరైనా ఆ కుర్చీ మళ్ళీ లోపలికి జరిపారా?

మొదటిదే తిరిగి రాసి పంపు. మైదా గ్రాముల్లో వెయ్యి. గిన్నె ఫ్రిజ్‌లో ఒక్కోసారి ఎన్ని నిమిషాలు పెట్టావో మూడింటికీ విడివిడిగా రాయి. అందగానే మళ్ళీ చేస్తాను, వెన్న తెప్పించి పెట్టాను.

ఆశీస్సులతో,
నీ వంటల పెద్దమ్మ