డిఫెండర్ నుంచి కోచ్ దాకా: సయ్యద్ నయీముద్దీన్

రక్షణ పంక్తిలో ఆడిన ఫుట్‌బాలర్ కోచ్‌గా ఎంతవరకు రాణించగలడన్న ప్రశ్నకు హైదరాబాద్‌లో పుట్టిన సయ్యద్ నయీముద్దీన్ జీవితం మంచి ఉదాహరణ. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులో రాటుదేలి కలకత్తా చేరిన ఆయన, అక్కడి మూడు పెద్ద క్లబ్బులకూ ఆడారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో ఆయన నాయకత్వంలోని భారత జట్టు మూడో స్థానం కోసం జరిగిన పోటీలో జపాన్‌ను 1–0తో ఓడించి కాంస్యం గెలిచింది. ఒక్క గోల్ ఆధిక్యాన్ని చివరిదాకా నిలబెట్టుకోవడంలోనే డిఫెండర్ల పనితనం తెలుస్తుంది. ఆ తర్వాత ఆసియా క్రీడల్లో మన ఫుట్‌బాల్‌కు మళ్లీ పతకం రాలేదు.

కోచ్‌గా ఆయన శారీరక దారుఢ్యం, క్రమశిక్షణల విషయంలో రాజీపడని మనిషి. 1990లో కలకత్తా క్లబ్బు ఈస్ట్ బెంగాల్ ఆయన శిక్షణలోనే ఐ.ఎఫ్.ఎ. షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ కప్పులను ఒకే ఏడాది గెలుచుకుంది. అర్జున, ద్రోణాచార్య పురస్కారాలు రెండూ ఆయనకు దక్కాయి. జాతీయ జట్టుతో 1997లోనూ 2005లోనూ దక్షిణాసియా టైటిళ్లు సాధించినా, 2006లో ఆసియా కప్ అర్హత పోటీలో అదే జపాన్ చేతిలో 0–6తో ఓడాక, కొద్ది నెలల్లోనే ఆయన స్థానంలోకి బాబ్ హౌటన్ వచ్చారు. నా దృష్టిలో ఆయన ప్రతిభ క్లబ్బు ఫుట్‌బాల్‌లోనే ఎక్కువగా వెలిగింది.