చప్పట్లు పడలేదని కంగారుపడకు

చిరంజీవికి ఆశీస్సులు.

కానర్ మెక్‌ఫర్సన్ ‘ద వెయిర్’ను తెలుగులో ఆడించబోతున్నావని విని సంతోషించాను. 1997లో లండన్ రాయల్ కోర్ట్ థియేటర్ వాళ్లు తొలిసారి వేసిన నాటకం. ఐర్లండ్ పల్లెలో ఒక పబ్బు, అయిదుగురు మనుషులు, ఒకరి తర్వాత ఒకరు చెప్పే కథలు. విరామం లేకుండా దాదాపు గంటా నలభై నిమిషాలు. పరిషత్తు నాటికలకీ, పద్యానికి వన్స్‌మోర్ కొట్టే హాళ్లకీ అలవాటుపడ్డ మనకి చప్పట్లు పడకపోతే గుండె జారుతుంది. ఇక్కడ కథ మధ్యలో చప్పట్లు పడితేనే అనుమానించు. నటుడు పక్కవాళ్లని వదిలేసి హాలుకి చెబుతున్నాడన్నమాట.

మొదటి ప్రదర్శనకి ముందు ఇరవై ముప్పై మందిని, నాటకాలతో సంబంధం లేనివాళ్లని పిలిచి పూర్తి రన్ పెట్టు, అంటే నాటకం మొత్తం ఆపకుండా ఆడించు. ఇలా రెండుసార్లు చెయ్యి. వెనక వరసలో కాదు, పక్క గోడవైపు, మొహాలు కనపడేచోట కూర్చో. స్క్రిప్టు మార్జిన్లో పెన్సిల్‌తో గుర్తులు పెట్టు: దగ్గుకి ద, కుర్చీ కదిలితే కు, సెల్లు వెలిగితే సె. అవతలివైపు ఇంకొకరికీ ఇదే పని అప్పజెప్పు. ఇద్దరికీ, రెండు రన్నుల్లోనూ ఒకేచోట గుర్తు పడితేనే పట్టించుకో.

దగ్గులన్నీ ఒకటి కావు. కథ ముగిశాక హాలంతా ఒక్కసారి దగ్గితే అంతసేపూ బిగబట్టుకుని విన్నారని. మధ్యలో అక్కడోటీ ఇక్కడోటీ వస్తే పట్టు జారిందని. కారణం దగ్గిన చోట దొరకదు, ఒకటి రెండు పేజీలు వెనక్కి వెళ్లి వెతుకు. చాలాసార్లు ఒక పేరో, చుట్టరికమో వినపడి ఉండదు. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. నటుడు అక్కడ గొంతు దించేస్తే వాక్యం మొత్తం పోయినట్టే. స్లోగా ఉందన్నవాళ్లని కదిపి చూడు, సగం మాటలు చేరి ఉండవు. అందుకే ఫ్యాన్లు, ఏసీ వేసే ఉంచి చివరి వరస నుంచి విను.

రెండో లోపం స్టేజి మీద కథ వినే నటులది. పబ్బులో జాక్ కథ చెబుతుంటే మిగతావాళ్లు తమ డైలాగ్ కోసం కాచుక్కూర్చుంటే ప్రేక్షకులూ వినడం మానేస్తారు. పబ్బు యజమాని బ్రెండన్ గ్లాసు తుడుస్తుంటే ఏ మాట దగ్గర చెయ్యి ఆగుతుంది? ప్రతి కథకీ ప్రతి శ్రోతకీ ఇలాంటిది ఒక్కటైనా రిహార్సల్లో ఖాయం చెయ్యి.

మొదటి మూడు దెయ్యం కథలకీ భయపెట్టే సంగీతం ఎక్కించకు. ఆ ఊరికి కొత్తగా వచ్చిన వాలెరీ తన కూతురి సంగతి ఎత్తేసరికి జనం చెవులు అలిసిపోతాయి. నిదానం రచనలోనే ఉంది, పాజులు నువ్వు కలపనక్కర్లేదు. ప్రతి రన్నుకీ టైము రాయి. పది నిమిషాలు పెరిగిందంటే నటులు మౌనాన్ని సాగదీస్తున్నట్టే.

అయిదుగురిలో ఫిన్‌బార్, జిమ్ వెళ్లిపోగానే నాటకం అయిపోయిందనుకుని కొందరు కాళ్లతో చెప్పులు వెతుక్కుంటారు. జాక్ చివరి కథ ఇంకా మిగిలే ఉంటుంది. అందులో దెయ్యం లేదు, చేజార్చుకున్న ప్రేమే ఉంది. అక్కడ లైటు మార్చకు, మిగిలిన ముగ్గురినీ చెదరనివ్వకు.

పోస్టర్ మీద దెయ్యాల నాటకమని వెయ్యకు. నిడివి ఎంతో, విరామం లేదనీ టికెట్ మీదే చెప్పు.

అయ్యాక ఎలా ఉందని అడిగితే బాగుందనే అంటారు. వాలెరీ ఆ ఊరికి ఎందుకొచ్చిందో అడుగు. ఎక్కువమంది తడుముకుంటే ఆమె కథనీ, అంతకుముందు ఫిన్‌బార్ ఆమెని పరిచయం చేసే భాగాన్నీ మళ్లీ రిహార్సల్ చేయించు.

ఆశీస్సులతో,
నీ బాబాయి