పెద్ద చేపలు బాగానే ఉన్నా చెరువులో వదిలిన పిల్లలే ఎందుకు చనిపోతున్నాయి?

కాలనీ నాలా కలిసే చెరువులో పెద్ద బొచ్చెలు, రవ్వలు బాగానే తిరుగుతున్నాయి, వదిలిన పిల్లలు మాత్రం రెండు మూడు రోజుల్లో చచ్చి తేలుతున్నాయి, కారణం ఇళ్ల మురుగేనా అని అడిగారు. చాలావరకు అదే. పెద్ద చేప బతికిందంటే నీళ్లు మంచివని కాదు. రెండంగుళాల పిల్లకు ఒంటి బరువుతో చూస్తే ఆక్సిజన్ ఎక్కువ కావాలి, మొప్పలు పలచన, చెడ్డ నీళ్ల నుంచి దూరంగా ఈదిపోయే సత్తువ ఉండదు. కొర్రమీను బతికుందని అసలే నమ్మకండి, అది పైగాలి పీల్చుకుంటుంది.

ముందు ఏ వేళకు చనిపోతున్నాయో చూడండి. తెల్లవారుజామున పైకొచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తుంటే ఆక్సిజన్ అయిపోయినట్టు. మురుగును కుళ్లబెట్టే బ్యాక్టీరియా, దాన్ని తిని పెరిగిన పచ్చటి నాచు కలిసి రాత్రంతా వాడేస్తాయి. లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే మంచిది, 3 కంటే దిగితే ప్రమాదం. ఉదయం 5 గంటలకు, మోకాలి లోతులో, సీసాను నీటి కిందే నింపి బుడగ లేకుండా మూత పెట్టి కొలవాలి. మధ్యాహ్నం కొలిచిన అంకె మోసం చేస్తుంది.

మధ్యాహ్నం చనిపోతుంటే అమ్మోనియాను అనుమానించండి. పగలు అదే నాచు, నీళ్లు ఎంత ఆమ్లమో ఎంత క్షారమో చెప్పే పీహెచ్‌ను 9 దాకా లాగుతుంది. 30 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపం నూటికి 1 కూడా ఉండదు, 8 దగ్గర 7 పైనే, 9 దగ్గర దాదాపు 45. అంటే కిట్‌లో లీటరుకు 2 మిల్లీగ్రాములు చూపితే పీహెచ్ 7 దగ్గరున్న ఉదయం పర్వాలేదు, సాయంత్రం 4కి అదే విషం. విషరూపం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటితే పిల్లల మొప్పలు దెబ్బతినడం మొదలవుతుంది. ఇక నాలా నోటి దగ్గర నురుగున్న చోటే, ఏ వేళకైనా చనిపోతుంటే సబ్బు నీళ్లు, ఫినాయిల్, బ్లీచింగ్ పని. సబ్బు మొప్పల పొరను పాడుచేస్తుంది.

అప్పుడే చచ్చిన పిల్ల మొప్ప రేకు ఎత్తి చూడండి. ఎర్రగా ఉండాల్సింది జిగటగా, పాలిపోయి ఉంటే అమ్మోనియానో సబ్బో. చాక్లెట్ రంగులో ఉంటే నైట్రైట్, అంటే అమ్మోనియా నుంచి పుట్టే మరో విషం.

ఇక్కడ చాలామంది చేసే తప్పు సున్నం చల్లడం. అమ్మోనియా ఉన్న నీళ్లలో సున్నం వేస్తే పీహెచ్ పెరిగి ఉన్నదాంట్లో చాలా భాగం విషంగా మారుతుంది. రెండోది, సీడ్ (చేప పిల్లలు) తెచ్చిన సంచిని మధ్యాహ్నం విప్పడం. సంచిలో కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ తక్కువగా ఉండి, పోగైన అమ్మోనియా ఊరుకుంటుంది. పీహెచ్ 9 నీళ్లు పోయగానే అదే పిల్లల్ని చంపేస్తుంది. ఉదయం 8 గంటల ప్రాంతంలో, నాలాకు ఎదుటి గట్టున, సంచిని పావుగంట నీళ్లలో తేలనిచ్చి వదలండి.

మొత్తం సీడ్ తెచ్చే ముందు 50 పిల్లల్ని హాపా వలలో (చెరువు నీళ్లలోనే కట్టే సన్న కన్నుల వల తొట్టి) వేసి 48 గంటలు చూడండి. ఒకటి రెండుకు మించి పోతే ఆగండి. తొలకరి తర్వాత వారం పది రోజులు కూడా వద్దు, నాలాల్లో ఎండాకాలమంతా పేరుకున్న బురద మొదటి వానకే చెరువులోకి దిగుతుంది. చిన్న కుంటైతే మేత ఆపి, పావువంతు నీళ్లు మార్చి, రాత్రి 10 నుంచి పొద్దెక్కే దాకా ఏరేటర్ తిప్పితే పిల్లలు నిలుస్తాయి. పెద్ద చెరువుకు నాలాను మళ్లించడం తప్ప వేరే దారి లేదు.