అబ్బోడా, కాలమ్ జోలికి చివర్న పో

చిత్తూరు

చిరంజీవి అబ్బోడికి మామ ఆశీస్సులు.

పాత థర్మల్ ప్లాంటు కూల్చే పనికి నిన్ను సైట్ ఇన్‌ఛార్జిగా వేశారని మీ అమ్మ తిరుపతి నుంచి ఫోన్ చేసింది. ఆమె సంతోషం పట్టలేకుండా ఉంది. నాకూ గర్వమే, కానీ నిద్ర మాత్రం పట్టడం లేదు.

2024 ఆగస్టు 5న పాల్వంచలో పాత కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ కేంద్రం) కూలింగ్ టవర్లు ఎనిమిదీ నేలమట్టమైన వీడియో నువ్వూ చూసుంటావు. జనం చూసేది ఆ కొన్ని క్షణాలే. నీ పనంతా అంతకు ముందు నెలల్లోనే అయిపోవాల. హెల్మెట్, బెల్టు, కంచె, అనుమతులు, కూల్చివేత భద్రతకున్న ఐఎస్ 4130 కోడ్ నీకు తెలిసినవే, వాటి గురించి రాయను.

"కరెంటు తీసేశాం సార్" అని ఎవరన్నా నమ్మబాక. ఏసీ సప్లై పోయినా బ్యాటరీ రూములో 220 వోల్టుల డీసీ బతికే ఉంటుంది. స్విచ్‌యార్డును గ్రిడ్ కోసం అలాగే ఉంచితే అటునుంచి వెనక్కి కరెంటు రావచ్చు. కేబుల్ రెండు చివర్లూ విప్పి, టెస్టర్ పెట్టి చూశాకే కట్టర్ పట్టనియ్యి. జనరేటర్లో చల్లబరచడానికి నింపిన హైడ్రోజన్ మిగిలుంటే ముందు కార్బన్ డయాక్సైడ్‌తో తోసెయ్యాల, గాలి ఆ తర్వాతే. గాలిలో 4 నుంచి 75 శాతం దాకా ఎంత కలిసినా హైడ్రోజన్ అంటుకుంటుంది.

బంకర్లో అడుగున మిగిలిన బొగ్గు తనంతట తానే వేడెక్కి లోపల్లోపల రగులుతుంది. ఖాళీ చేసి, కడిగించు. కన్వేయర్ బెల్టు తీసెయ్యకుండా గ్యాలరీలో గ్యాస్ కటింగ్ మొదలుపెడితే నిప్పురవ్వ ఒక్కటి చాలు. ఈఎస్పీ (పొగలోని బూడిదను పట్టే యంత్రం) కింద ఉండే హాపర్లను, అంటే బూడిద తొట్లను, వానలకు ముందే ఖాళీ చేయించు. తడిసిన బూడిద బరువెక్కి గట్టిపడుతుంది. కింద తలుపు తీసి గడ్డపారతో పొడిస్తే గుట్టంతా ఒక్కసారిగా మీదికి దిగుతుంది.

ఇంక ఆస్‌బెస్టాస్, పీలిస్తే ఊపిరితిత్తుల్ని పాడుచేసే రాతినార. ఆవిరి పైపు మీద రేకు విప్పగానే రాక్‌వూల్ కనబడుతుంది, "ఇది మామూలుదే" అని తేల్చేస్తారు. మరమ్మతుల్లో పైపొర మారుంటుంది, కింద తెల్లగా సున్నం పెచ్చులా పైపుకు కరుచుకున్న పాతపొర అట్లనే ఉంటుంది. కాబట్టి శాంపిల్ పైపు లోహం తగిలేదాకా తియ్యాల. వంపుల దగ్గర, వాల్వుల దగ్గర, ఫ్లాంజి గ్యాస్కెట్లలో విడివిడిగా తియ్యాల. పాత కూలింగ్ టవర్ల లోపలి రేకుల్లోనూ ఉండొచ్చు. తీసేటప్పుడు సబ్బు కలిపిన నీళ్లతో లోపలిదాకా తడిపి, చుట్టూ పాలిథిన్ కట్టి, రెండు సంచుల్లో మూట కట్టి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాల. గుడ్డ మాస్కు పనికిరాదు. ఆ నారతో వచ్చే జబ్బు ఇరవై, ముప్పై ఏళ్లకు బయటపడుతుంది. అప్పటికి నీ కాంట్రాక్టూ ఉండదు, ఆ కూలీ ఏ ఊళ్లో దగ్గుతున్నాడో ఎవరికీ తెలియదు.

అసలు సంగతికొస్తా.

బాయిలర్ నేల మీద కూర్చున్నది కాదురా, ఉట్టి మాదిరి వేలాడేది. పైన సీలింగ్ గర్డర్లు, వాటికి హ్యాంగర్ రాడ్లు, వాటికి ట్యూబుల గోడలు. వేడికి కిందికి సాగడానికని అట్లా కట్టారు. 210 మెగావాట్ల యూనిట్లో డ్రమ్ము (నీళ్లు, ఆవిరి వేరయ్యే ఉక్కు పీపా) ఒక్కటే వంద టన్నులు దాటుతుంది, అదీ యాభై మీటర్ల ఎత్తున. అంటే బరువంతా నెత్తిన, కింద సన్నని ఉక్కు కాళ్లు, కాలమ్‌లంటే అవే, ఆ కాళ్లను పట్టి ఉంచేది అడ్డంగా, ఏటవాలుగా ఉన్న బ్రేసింగులు. తుక్కు కాంట్రాక్టరుకు ఆదాయం టన్నుల్లో. చేతికందే టన్నులు కిందనే ఉంటాయి. బ్రేసింగు కోస్తే ఏమీ కాదు, ఇంకోటి కోసినా ఏమీ కాదు. అదే ధైర్యం ఇస్తుంది. బ్రేసింగు పోయిన కాలమ్ పొడుగాటి వెదురు మాదిరి అయిపోతుంది. అది వంగేముందు చప్పుడు చెయ్యకపోవచ్చు.

ఇంగ్లండులో డిడ్‌కాట్ అనే ప్లాంటులో, 2016 ఫిబ్రవరి 23న, పేలుడుతో పడగొట్టడానికి సిద్ధం చేస్తున్న బాయిలర్ హౌసు సగం దానంతట అదే కూలింది. నలుగురు పోయారు. మిగిలిన సగం దగ్గరికి మనుషులు పోలేక జూలైలో రోబోలతో మందుగుండు పెట్టి పడగొట్టారు. ఆఖరి మనిషి శవం దొరికేసరికి సెప్టెంబరు వచ్చింది. 2025 నవంబరులో దక్షిణ కొరియా ఉల్సాన్‌లోనూ బాయిలర్ టవరే, కూల్చే ముందు కోతల దశలోనే. ఏడుగురు.

మామిడిచెట్టు కొట్టేవాడు ముందు కొమ్మలు దించుతాడు కదా. నువ్వూ డ్రమ్ము, ట్యూబులు, బంకర్లు దించినాకే కాళ్ల సంగతి చూడు. పేలుడుకు ముందు కాళ్లను బలహీనపరిచే కోత తప్పదంటే ఏ కాలమ్‌కు ఎంత, ఏ వరసలో అన్నది స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం పెట్టిన డ్రాయింగులో ఉండాల. అది కూడా తుప్పు కొలిచి, మిగిలిన మందంతో వేసిన లెక్క. 1970ల నాటి డ్రాయింగులో రాసిన మందం ఇప్పుడుండదు. కోత మొదలైనాక ఆ కట్టడంలోకి అవసరం లేని ఒక్క మనిషీ పోకూడదు, భోజనాల షెడ్డు దాని నీడలో ఉండకూడదు. కాంట్రాక్టరు "రెండు బ్రేసింగులే కదా సార్" అంటే తిట్టు. నీకు తిట్టడం రాదు, మీ నాన్న పోలిక. ఈ ఒక్కచోట నేర్చుకో.

చిన్నవి కొన్ని. పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెను పీసీబీలకు (పాత నూనెల్లో ఉండే విషపు రసాయనాలు) పరీక్ష చేయించకుండా డ్రమ్ముల్లో కలపబాక. 50 పీపీఎం దాటితే దాని దారి వేరు. ఎర్ర సిందూరం ప్రైమరు ఉన్న ఉక్కును కోసే గీతకు రెండువైపులా జానెడు గీకించాకే కొయ్యనియ్యి, ఆ పొగలో సీసం ఉంటుంది. బంకర్ లెవెల్ గేజీల్లో రేడియోధార్మిక సోర్సు ఉందేమో పాత రిజిస్టర్లతో సరిచూడు. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారుకు కోబాల్ట్-60 చేరి ఒకరి ప్రాణం తీసింది.

ప్లాంటు పోయినా బూడిద చెరువు మిగిలి ఉంటుంది, ఆర్సెనిక్‌తో, సెలీనియంతో సహా. కూల్చిన కాంక్రీటు తీసుకుపోయి దాంట్లో పారబోస్తామంటారు. ఒప్పుకోబాక. గట్టు మీద బరువు పెరుగుతుంది, తూములు మూసుకుపోతాయి. చుట్టుపక్కల బావుల నీళ్లు పని మొదలుకాకముందే పరీక్ష చేయించి కాగితం దగ్గర పెట్టుకో.

అమ్మకు రోజూ ఫోన్ చెయ్యి. నాకు ఆదివారం చాలు. ఈ ఆదివారం అడిగేది ఒకటే: బ్యాటరీ రూము తాళం ఎవరి దగ్గరుంది?

మీ మామ