పూట చెప్పండి, గంట చెప్పొద్దు

అమ్మాయికీ, అల్లుడికీ పెద్దనాయన దీవెనలు.

దసరా అయిపోగానే మీరిద్దరూ బండి మీద బయల్దేరి బంధువుల ఇళ్లన్నీ చుట్టి వస్తారని నిన్న మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. హైవే ఎక్కకుండా ఊళ్ల మీదుగానే పోతారంట. కర్నూలు నుంచి బేతంచెర్ల, బనగానపల్లె, కోయిలకుంట్ల, జమ్మలమడుగు, పులివెందుల, కదిరి, అనంతపురం, గుత్తి, పత్తికొండ, మళ్లీ కర్నూలు. ఆ వరస వింటుంటేనే నాకు కడుపు నిండిపోయింది. పెళ్లికొచ్చి అక్షింతలు వేసినవాళ్ల గడప తొక్కి రావాలని మీకు మీరుగా అనుకున్నారు చూడండి, అది చాలా పెద్ద మాట. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. సర్వీసంతా ఆ దారుల్లోనే పల్లెవెలుగు బస్సు నడిపాను. ఏ మలుపు వెనక ఏముందో తెలుసు కాబట్టే ఈ టెన్షన్.

చైను, బ్రేకులు, టైర్లలో గాలి మెకానిక్‌కు చూపించండి. హెల్మెట్ ఇద్దరికీ ఉండాలి, పల్లె రోడ్డే కదా అని తీసి చేతికి తగిలించుకోవద్దు. దారి పొడుగునా సర్కారు తుమ్మే కాబట్టి పంచర్ సామాను దగ్గరుంచుకోండి. ట్యాంకు సగానికి రాగానే కనపడిన బంకులో నింపుకోండి. అందరి ఫోన్ నంబర్లూ ఒక కాగితం మీద రాసి, అమ్మాయీ, నీ పర్సులో పెట్టుకో.

బేతంచెర్ల, బనగానపల్లె వైపు నాపరాళ్ల లారీలు ఎక్కువ. పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర రోడ్డు మీద పడిన తెల్లటి రాతిపొడి చినుకు తగిలితే జారుడు బండలా అవుతుంది. అక్కడ ముందు బ్రేకు గట్టిగా పట్టొద్దని అల్లుడికి మరీ మరీ చెప్తున్నాను. కోయిలకుంట్ల వైపు దిగాక అంతా నల్లరేగడి. వాన పడ్డాక బండిని రోడ్డు దించితే ఆ మట్టి మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రం తిరగదు.

పొద్దుగూకిన తర్వాత బండి నడపొద్దు. ఆ నెలల్లో మొక్కజొన్న, కొర్ర రోడ్డు మీదే ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు. చీకట్లో ఆ రాళ్లు కనపడవు. వెనక లైటు లేని ట్రాక్టర్లూ కనపడవు. రైతును తిట్టుకుని లాభం లేదు, కళ్లం లేనివాడు ఎక్కడ ఆరబోసుకుంటాడు? మనమే పగలు నడపాలి.

ఇక నా అసలు భయం చెప్తాను. వంకలు.

మీరు వెళ్లే నెల మనకు వంకలు పారే నెల. వాన ఎర్రమల కొండల మీద కురుస్తుంది, నీళ్లు కిందికి వచ్చి కుందూ నదిలో కలుస్తాయి. నువ్వు నిలబడిన చోట ఎండ కాస్తున్నా, పొద్దున ఇసుక తేలిన వంక సాయంత్రానికి మొలలోతు పారుతుంది. ఎర్రగా, మట్టినీళ్లతో వస్తుంది కాబట్టి కింద దారికని కట్టిన చప్టా ఉందో, కొట్టుకుపోయిందో పైనుంచి తెలియదు. అడుగు లోతు నీళ్లు వేగంగా పారితే చిన్న కారునే తేల్చేస్తాయి. బండి ఎంత?

మీ నాయన నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు. ఇప్పుడు తెలియాలి కాబట్టి నేను చెప్తున్నాను. పెళ్లయిన కొత్తలో మీ అమ్మను వెనక ఎక్కించుకుని ఇలాగే చుట్టాల ఇళ్లకు తిరిగాడు, పాత రాజ్‌దూత్ మీద. ఆఖరి మజిలీ మన ఊరు. కోయిలకుంట్లలో ఎస్టీడీ బూత్ నుంచి పక్కింటికి ఫోన్ చేసి, ఇంకో గంటలో అక్కడుంటాం అని అవ్వకు చెప్పించాడు. అవ్వ సంగటి కెలికి, కోడి కూర చేసి, ఓళిగలు కాల్చి వసారాలో కూర్చుంది. నేనూ ఆ రోజు ఇంట్లోనే ఉన్నాను.

దారిలో వంక వచ్చింది. గట్టు మీద ఎద్దులబండి నిలిపి ఇద్దరు రైతులున్నారు. ఆగు నాయనా, జామున్నరలో దిగుతుంది, మేమూ దానికే కూర్చున్నాం అన్నారు. మీ నాయన ఆగలేదు. అమ్మ అన్నం ముందు పెట్టుకుని కూర్చుని ఉంటుంది, గంటలో వస్తామని చెప్పించాను అన్నాడంట. మీ అమ్మ వద్దంటూనే ఉంది. చప్టా సగం దాటాక పక్కన మట్టి కోసుకుపోయిన చోట ముందు చక్రం దిగింది. బండి వెళ్లిపోయింది, దానితోపాటు ఇద్దరూ పడ్డారు. మీ నాయన చప్టా రాయి పట్టుకుని నిలిచాడు. మీ అమ్మ మాత్రం కొంత దూరం కొట్టుకుపోయి తుమ్మకంపకు తగులుకుంది. ఆ కంప లేకపోతే ఈ ఉత్తరం చదవడానికి నువ్వు లేవు తల్లీ. రైతులు బండి మోకు విప్పి నడుముకు కట్టుకుని దిగి లాగారు. చేతులూ మెడా ముళ్లు గీసుకుపోయి, ఆ ఎద్దులబండిలోనే ఇల్లు చేరింది. వాళ్లు చెప్పినట్టే నీళ్లు జామున్నరకు దిగాయి.

అవ్వ ఒక్క మాట అనలేదు. మీ అమ్మ తల తుడిచి, వేడినీళ్లు పోసి, పొయ్యి దగ్గర పడుకోబెట్టింది. ఓళిగలు ఎవరూ ముట్టలేదు. ఆ తర్వాత మన ఇంటికి ఎవరు వస్తామన్నా అవ్వ ఒకటే చెప్పేది: పూట చెప్పు నాయనా, గంట చెప్పొద్దు.

అదే మీకూ చెప్తున్నాను. ఫలానా రోజు సాయంత్రానికి వస్తాం, రాకపోతే మర్నాడు అనుకోండి అని చెప్పి పెట్టండి. సగం దారిలో ఫోన్ చేయొద్దు. చేస్తే అవతల పొయ్యి వెలిగిస్తారు, ఇవతల మీ చెయ్యి యాక్సిలరేటర్ మీద పడుతుంది. ఆఖరి వంక దాటాక చేయండి. వాళ్లు అప్పుడు ఎసరు పెట్టినా మీరు వేడివేడిగానే తింటారు.

ఇంకొకటి. ఫోన్‌లో మ్యాప్ దగ్గర దారి అని చూపించేది ఎద్దులబండ్ల బాట కావచ్చు. ఊళ్లో రచ్చకట్ట దగ్గర ఆగి, ఈ దారిలో ఈరోజు బస్సు వచ్చిందా అని అడగండి. దారి ఎలా ఉంది అంటే బాగుందనేస్తారు. బస్సు వచ్చిందా అంటే నిజం చెప్తారు. బస్సు వెనక్కి తిరిగిపోయిందంటే మీరూ తిరిగిపోండి. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెనే కూలింది. వంతెనలే నిలవని వానల్లో చప్టాలను నమ్మేదేముంది? ఆగిన ఊళ్లో ఏ ఇంటి అరుగు మీద కూర్చున్నా మజ్జిగ ఇస్తారు. మన సీమలో దానికి కొదవ లేదు.

ఇళ్ల సంగతి మీ పెద్దమ్మ రాయమంది. చుట్టాలున్న ఊళ్లో లాడ్జిలో దిగితే జన్మలో మర్చిపోరు. ప్రతి ఇంట్లో కొంచెమే తినండి కానీ వద్దనొద్దు. ఉగ్గాని బజ్జీ మూడు ఇళ్లలో వరసగా పెట్టినా మొదటిసారి తిన్నట్టే తినండి. రవిక గుడ్డలు, శెనక్కాయలు, కందులు మూట కట్టి ఇస్తారు, బ్యాగులో చోటు వదలండి. జమ్మలమడుగు అత్త మోకాళ్ల నొప్పితో ఎక్కడికీ రాలేకపోతోంది, ఆమె దగ్గర ఒక రాత్రి ఎక్కువ ఉండండి. గండికోట చూస్తామంటే చూడండి, పెన్నా లోయ అంచు దాకా పోయి ఫోటోలు మాత్రం వద్దు. అక్కడ అన్నిచోట్లా అడ్డం ఉండదు.

అల్లుడు బండి బాగా నడుపుతాడని విన్నాను. ఎక్కడ ఆపాలో కూడా తెలిసినవాడైతే నాకు అంతకంటే ఏం కావాలి? నువ్వు వద్దన్న చోట ఆపాలని అతనితో ముందే మాట తీసుకో. మీ అమ్మ మాట ఆ రోజు ఎవరూ వినలేదు.

బయల్దేరే ముందు రోజు బండి మన ఇంటికి తీసుకురండి. మెకానిక్ చూసినా సరే, వెనక బ్రేకు నేను తొక్కి చూడాలి.

మీ పెద్దనాయన,
కర్నూలు