నొప్పి పోయింది కదా, ఇంకా క్యాప్ ఎందుకు అనేవాళ్ళకి

"దవడ పన్నుకి రూట్ కెనాల్ అయింది, నొప్పి పోయింది. ఇప్పుడు క్యాప్ వేయించుకోమంటున్నారు. నిజంగా అవసరమా, డబ్బులు గుంజడానికా?" అని అడిగారు. దవడ పన్ను అన్నారు కాబట్టి రెండో మాట లేదు, వేయించుకోండి.

మీ అనుమానం నాకేం కొత్త కాదు. విశాఖపట్నం గాజువాకలో ఉండే మా బావ, అంటే మా అక్క వాళ్ళాయన, అచ్చం ఇదే పాట పాడేవాడు. కింది దవడ పన్నుకి రూట్ కెనాల్ చేయించాడు. డాక్టరు క్యాప్ అనగానే లేచి వచ్చేశాడు. "టోపీ పన్నుకి కాదురా, నాకు పెడదామని చూస్తున్నారు" అని నవ్వేవాడు. నొప్పి లేదు, హాయిగా నములుతున్నాడు, ఇంక ఆయన్ని ఒప్పించేదెవరు?

కొన్ని నెలలు గడిచాయి. కొత్త అమావాస్యకి అందరం అనకాపల్లి నూకాలమ్మ జాతరకి వెళ్ళాం. దర్శనం అయ్యాక బావ వేయించిన శనగలు పొట్లం కట్టించుకుని నములుతూ నడుస్తున్నాడు. ఉన్నట్టుండి ఆగి, నోట్లోంచి ఏదో తీసి, "శనగల్లో రాయి!" అంటూ వెనక్కి తిరిగాడు. బండివాడి మీద ఇంతెత్తున లేచాడు. "రాళ్ళు కూడా వేయించి అమ్ముతున్నావేటి?" అని ఈయన, "జల్లెడ పట్టి తెస్తాను బాబూ, నా బండి మీద రాయా!" అని వాడు. జనం మూగారు. మా అక్క ఆ రాయిని లాక్కుని, బండికి వేలాడుతున్న బల్బు కింద తిప్పి చూసింది. ఒకవైపు నున్నగా మెరుస్తోంది. ఇంకోవైపు పసుపచ్చగా, గరుగ్గా ఉంది, అంచుకి ఫిల్లింగు ముక్క అంటుకుని ఉంది. "ఇది రాయేటండీ, మీ పన్ను!" అంది. బావ నాలికతో లోపల తడుముకున్నాడు. మారు మాట్లాడకుండా అదే బండి దగ్గర ఇంకో రెండు పొట్లాలు కొన్నాడు, పరువు కోసం.

సగం పన్ను ఊడొచ్చినా నొప్పి ఎందుకు తెలియలేదంటే, రూట్ కెనాల్లో లోపలి నరం తీసేస్తారు కాబట్టి. అరిచే దిక్కు లేదు. మీరు "నొప్పి లేదు కదా" అంటున్నారే, ఆ మాటకి అర్థం అంతే, పన్ను గట్టిగా ఉందని కాదు. పుచ్చిందంతా తవ్వేసి, పన్ను వేళ్ళలోకి దారి చేసుకోవడానికి నడినెత్తిన రంధ్రం పెట్టాక దవడ పన్నులో మిగిలేవి చుట్టూ పల్చటి గోడలే. నమిలిన ప్రతిసారీ అవి బయటికి విచ్చుకోవాలని చూస్తాయి. ఎడ్లబండి చక్రానికి ఇనపపట్టా బిగించినట్టు క్యాప్ వాటిని చుట్టూ పట్టి ఉంచుతుంది. పైపైన ఓ మూల విరిగితే అప్పుడైనా క్యాప్‌తో నిలబెట్టొచ్చు. బావది చీలిక చిగురు కిందికి, వేళ్ళ మధ్యకి దిగిపోయింది. పీకేయడం తప్ప దారి లేకపోయింది. ఇంప్లాంట్, అంటే ఎముకలో స్క్రూ దింపి కట్టే పన్ను, దాని ధర విన్నాక ఆయన టోపీ జోకులు మానేశాడు.

అలాగని ప్రతి పన్నుకీ క్యాప్ అంటే నేనూ ఒప్పుకోను. ముందు పళ్ళ మీద నమిలే బరువు అంతగా పడదు. పన్ను చాలావరకు మిగిలి ఉంటే రూట్ కెనాల్ తర్వాత మంచి ఫిల్లింగు సరిపోతుంది. రూట్ కెనాల్ లేకపోయినా క్యాప్ కావలసిన పళ్ళూ ఉంటాయి. అసలు పన్నుకంటే ఫిల్లింగే ఎక్కువ ఉన్నవి, బీటవారి కొరికి వదిలినప్పుడు జివ్వుమనేవి, రాత్రిళ్ళు పళ్ళు కొరికే అలవాటుతో అరిగిపోయినవి. చిన్న పుచ్చుకే క్యాప్ అన్నారంటే మాత్రం ఇంకో డాక్టరుకి చూపించుకోండి. క్యాప్ పట్టాలంటే పన్నుని చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్లు అరగదీయాలి, అది మళ్ళీ పెరగదు.

ఇక నాకు ఒళ్ళు మండేది జిర్కోనియా బేరం, అంటే పన్ను రంగులో ఉండే గట్టి సిరామిక్ క్యాప్. ఎక్కడికెళ్ళినా ముందు అదే చూపిస్తారు, పదేళ్ళ వారంటీ, పదిహేనేళ్ళ వారంటీ అని కార్డులిస్తారు. వారంటీ క్యాప్‌కి. దాని అంచు కింద పన్ను పుచ్చితే ఆ కార్డు విసురుకోవడానికి పనికొస్తుంది. క్యాప్ వేశాక కూడా చిగురు దగ్గర శ్రద్ధగా తోముకోవాలని మాత్రం ఏ కార్డు మీదా రాయరు. జిర్కోనియా మంచిదే, కాదనను. చిట్టచివరి దవడ పన్ను తెల్లగా ఉండి ఎవరికి చూపించాలి చెప్పండి? నాది మెటల్ క్యాపే, మద్దిలపాలెంలో వేయించుకున్నాను. అరగదీసేది తక్కువ, పెచ్చు ఊడేది లేదు. లోహం మీద పింగాణీ పూసినవైతే ఆ పింగాణీ పెచ్చులూడొచ్చు, కొన్నాళ్ళకి చిగురు దగ్గర నల్లగీత కనిపించొచ్చు.

ల్యాబ్ నుంచి క్యాప్ వచ్చేదాకా తాత్కాలికంగా ఒకటి పెడతారు. అన్నాళ్ళూ జీళ్ళు, పాకం ఉండల జోలికి వెళ్ళకండి, క్యాప్ వాటితోపాటు వచ్చేస్తుంది. అసలుది బిగించే రోజు పళ్ళ మధ్య నీలం కాగితం పెట్టి కొరకమంటారు, పక్కలకి రుద్దమంటారు. మచ్చ పడ్డచోట కాస్త అరగదీస్తారు. అక్కడ మొహమాటపడొద్దు. వెంట్రుకవాసి ఎత్తుగా అనిపించినా చెప్పండి. "అలవాటైపోతుంది లెండి" అంటే కుర్చీ దిగకండి, ఎత్తుగా ఉన్న క్యాప్ మీద రోజూ నమలాల్సింది మీరు.

డబ్బే అడ్డయితే, మామూలు ఆరోగ్య బీమా మీద ఆశ పెట్టుకోకండి, చాలా పాలసీలు పళ్ళ పనులకి ఇవ్వవు. మా విశాఖ వైపైతే రుషికొండలో గీతం డెంటల్ కాలేజీ ఉంది, సంగివలసలో అనిల్ నీరుకొండ డెంటల్ కాలేజీ ఉంది. ఇలాంటి చోట్ల పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల కళ్ళముందు చేస్తారు, ఖర్చు సాధారణంగా బయటికంటే తక్కువ. కాకపోతే ప్రతి దశలోనూ పెద్దవాళ్ళు వచ్చి చూడాలి కాబట్టి కూర్చోవడం ఎక్కువ. పొద్దున్నే వెళ్ళండి, టిఫిన్ చేసి మరీ.